లేని దీవికి లోతెంత?

వాల్తేరు డివిజన్‌లో పనిచేసిన పాతతరం రైల్వే కుటుంబాలకు కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ అంటే ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమే. 2003లో కొత్త జోన్‌లోకి మారేదాకా డివిజన్ దాని కిందే ఉండేది. అక్కడే హుగ్లీ నది ఒడ్డున ఓడల కర్మాగారం కూడా ఉంది. అక్కడ తయారైన సర్వే నౌక సంధాయక్ 2024 ఫిబ్రవరి 3న మన విశాఖలో నౌకాదళంలో చేరింది. 110 మీటర్ల ఓడ. దాని ముఖ్యమైన పని, సముద్ర పటాలకు కావలసిన కొలతలు తీయడం. అడుగుకు శబ్దాన్ని పంపుతుంది, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు లెక్కగడుతుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. రెండు సెకన్లకు ప్రతిధ్వని వినబడితే అడుగు కిలోమీటరున్నర కిందుందన్నమాట.

ఈ ఓడ సంగతి చదివినప్పుడల్లా, ఎక్కడా లేని దీవులకు పటాలు గీసే కుర్రాళ్లు గుర్తొస్తారు. రోల్ ప్లేయింగ్ ఆటల్లోని లోకాలకు అభిమానులు గీసుకునే పటాలివి. ఎవరూ అడగరు, ఎవరూ జీతమివ్వరు. 2002లో వచ్చిన మారోవిండ్ అనే వీడియో ఆటలో ఆడేవాళ్లు తిరగగలిగేది దాదాపుగా వార్డెన్‌ఫెల్ అనే ఒక్క దీవిలోనే. అవతలి ఒడ్డున పెద్ద దేశముందని కథ చెబుతుంది గాని అక్కడికి దారి లేదు. అభిమానులు ఊరుకోలేదు. టామ్రియల్ రీబిల్ట్ పేరుతో ఆ ఒడ్డును వాళ్లే కడుతున్నారు, రెండు దశాబ్దాలు దాటినా ఆ పని సాగుతూనే ఉంది. ఒకరు వదిలిన వాగును మరొకరు అందుకుని సముద్రం దాకా తీసుకెళతారు. ఇంత ఓపికను కాలక్షేపమని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

అమెరికాలో కారెన్ విన్ ఫాన్‌స్టాడ్ అనే ఆవిడ భూగోళశాస్త్రం చదివారు. టోల్కీన్ నవలల మీది ఇష్టంతో, ఏ పాత్ర ఎన్ని రోజులు నడిచింది, ఏ కొండ పక్కగా వెళ్లిందని వెతికి, వాటిలోని లోకమైన మిడిల్ ఎర్త్‌కు పూర్తి అట్లాసు తయారుచేశారు. అది 1981లో వచ్చింది.  తర్వాత ఆవిడ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోని ఒక లోకానికీ 1990లో ఒక అట్లాసు గీశారు. కథ కల్పితమే కావచ్చు. కాని నడిచినవాడికి దూరం దూరమే కదా.

మా బంధువుల పిల్లవాడు గళ్ల నోటుపుస్తకంలో ఒక దీవి గీశాడు. అందులో నది ఈ సముద్రంలో పుట్టి, కొండ మీదుగా ఎక్కి, ఆ సముద్రంలో దిగుతోంది. “నీళ్లు కొండెక్కుతాయిరా?” అని వాళ్ల నాయనమ్మ అడిగింది. ఆవిడ పుట్టిల్లు గోదావరి లంక. వాడు కాసేపు ఆలోచించి, రబ్బరు తీసుకుని నదిని చెరిపి, కొండ నెత్తి నుంచి మళ్లీ గీశాడు. నది దిగి వచ్చేసరికి దాని ఒడ్డునున్న ఊరికి చిక్కొచ్చింది. “వరదొస్తే ఆ ఊరు నిలవదు నాయనా, మా లంకలో చూశాగా. మెరకకు జరుపు” అంది. ఊరు జరిగింది. ఊరు జరిగితే బాట జరగాలి, బాట జరిగితే రేవు జరగాలి. రేవు దగ్గర వాడు మళ్లీ ఆగాడు.

“నాయనమ్మా, పడవ నిలవాలంటే ఎంత లోతుండాలి?”

ఆవిడ రెండు చేతులూ బారచాపి చూపించింది. వాడు ఆ చేతుల వంక చూసి, రేవు పక్కన నీలం సిరాతో చిన్న అక్షరాల్లో రాశాడు: 1 బార.