పెళ్ళికూతురి పళ్ళు

మా చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళిచూపుల్లో ఎవరికీ కనబడని లోపం నిశ్చితార్థం ఫొటోల్లో బయటపడిందిట: ముందుపళ్ళు కాస్త పచ్చగా ఉన్నాయని! వెనీర్లు వేయించుకుంటానని పట్టుబట్టింది.

వేయించుకో తల్లీ, కాదనను. దాన్ని గోరింటాకు సింగారంలా అమ్మేవాళ్ళ మీదే నా కోపం. పింగాణీ రేకు అతికించడానికి మామూలుగా పంటిమీది ఎనామిల్‌ని కొంత అరగదీస్తారు. గోరు మళ్ళీ పెరుగుతుంది, ఎనామిల్ పెరగదు. పోనీ రేకైనా శాశ్వతమా? పది పదిహేనేళ్ళకి మార్చుకోవాల్సిందే. పాతికేళ్ళకి మొదలుపెడితే షష్టిపూర్తిలోగా కనీసం రెండుసార్లు మళ్ళీ ఖర్చు!

1930ల ప్రాంతంలో హాలీవుడ్‌లో ఛార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు తారల పళ్ళకి ఇలాంటి తొడుగులే పెట్టేవాడు. షూటింగ్ అయిపోగానే తీసేసేవారు. మన పెళ్ళికూతుళ్ళకి ఆ సుఖమూ లేదు.

"ఎంతవుతుంది?" అని అడిగి వచ్చేస్తే ఎలా? ఎంత అరగదీస్తారు, ఊరికే శుభ్రంచేసి తెల్లబరిస్తే చాలదా, చిగుళ్ళు బాగున్నాయా, నిద్రలో పళ్ళు కొరికితే రేకు నిలుస్తుందా అని కూడా అడగాలిగా!

ఇంతకీ పెళ్ళికొడుకు పళ్ళ రంగేమిటని అడిగాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఎవరూ చూళ్ళేదుట!