గొంతు మనది, డప్పు ఎవరిది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బతుకమ్మ తొమ్మిది రోజులూ పాట స్త్రీలదే. ఎత్తుకునేదీ, అందుకునేదీ, చప్పట్లతో లయ నిలిపేదీ వాళ్లే. కానీ బతుకమ్మలు చెరువుకు కదిలేటప్పుడు ముందు నడిచే డప్పు దాదాపు ఎప్పుడూ మగవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. గొంతుకు దొరికిన అనుమతి చేతులకు ఎందుకు దొరకలేదు?

నేర్పు లేక కాదు. ఈ పట్టణాల్లో బీడీలు చుట్టి సంసారాలు లాగుతున్న స్త్రీలు వేలల్లో ఉన్నారు. వెయ్యి బీడీలకింత అని కూలి కట్టేవాళ్లెవరూ ఆ వేళ్ల పనితనాన్ని శంకించరు. నాకు కనిపించే కారణం వేరు. పండుగ పాట ఇంటిచాకిరీ లాంటిదే, దానికి కూలి లేదు. వాయిద్యం డబ్బు తెస్తుంది, రాత్రిపూట ఊరు దాటిస్తుంది, నలుగురి ముందు నిలబెడుతుంది. పితృస్వామ్యం గీత గీసింది అక్కడే.

ఇది మన ఒక్కరి కథ కాదు. టాంగో సంగీతానికి ప్రాణమైన బందోనియాన్‌ను ఒళ్లో పెట్టుకుని, కాళ్లు ఎడం చేసి వాయించాలి కనుక ఆడపిల్లకు తగదన్నారు అర్జెంటీనాలో. 1921లో పకీతా బెర్నార్దో అదే వాయిద్యంతో సొంత బృందం పెట్టి మగ వాద్యకారులను నడిపించింది. 1925లో, పాతికేళ్లు నిండకుండానే చనిపోయింది. నేడు పూర్తిగా స్త్రీలే ఉన్న టాంగో బృందాలు కొత్త సంగీతం వాయిస్తున్నాయి. అయినా, సంగీతోత్సవాల్లో 30 శాతం స్త్రీలుండాలని ఆ దేశం 2019లో చట్టం చేయవలసి వచ్చింది.

అయితే డప్పు బందోనియాన్ కాదు. చావుకూ చాటింపుకూ మాదిగల చేత వెట్టిగా కొట్టించిన వాయిద్యమది. స్త్రీ డప్పు పట్టినంత మాత్రాన విముక్తి రాదు. తమిళనాడులోని దిండిగల్‌లో 1990లో మొదలైన శక్తి జానపద సాంస్కృతిక కేంద్రంలో దళిత యువతులు పరై వాయిద్యాన్ని చేపట్టారు. కులం అవమానంగా అంటగట్టినదాన్ని ఆత్మగౌరవంగా మోగించారు. మనకు దగ్గరి దారి అదే.

2014 నుంచి బతుకమ్మ రాష్ట్ర పండుగ. ప్రభుత్వ సొమ్ముతో నడిచే వేదికలపై స్త్రీల వాద్య బృందాలకు వాటా, మగవాళ్లతో సమానమైన పారితోషికం, రాత్రి ప్రయాణానికి రక్షణ అడగాలి. నేర్పే దళిత కళాకారులకు గురువు స్థానం, జీతం ఉండాలి. 'ఆడవాళ్లు వాయిస్తే చూడముచ్చటగా ఉంటుంది' అనే మెప్పుతో సరిపెట్టుకోకూడదు. ఊరేగింపులో ముందు ఎవరు నడవాలన్న ప్రశ్నను మహిళా సంఘాల్లో మనమే లేవనెత్తాలి.