ఏ లెక్కకు ఏ చుక్క

సమీక్ష సమావేశాల్లో ఇప్పుడు అంకెల కంటే చుక్కలే ముందు కనబడుతున్నాయి. గోడ మీద ఎక్సెల్ షీటు వెలుగుతుంది. ఊరి పేరు, టార్గెట్, సాధించింది, పక్కనే పచ్చదో పసుపుదో ఎర్రదో ఓ చుక్క. బందరులో సర్కారు ఆఫీసైనా, గుడివాడలో ఎరువుల వ్యాపారమైనా అదే వరస. ‘మీరు రెడ్‌లో ఉన్నారండీ’ అంటే చాలు, అవతలి మనిషి తల దించుకుంటాడు. ఎంత తగ్గిందని అడిగేవారు తక్కువ.

ఈ చుక్కల్ని మనిషి పెట్టడు. కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఐకాన్ సెట్స్ అని 2007 ఎక్సెల్‌తో వచ్చిన సదుపాయం పెడుతుంది. అంకెలున్న నిలువు వరసను ఎంచి ఒక్క నొక్కు నొక్కితే పనైపోతుంది. చిక్కూ అక్కడే. మనం వేరే చెప్పకపోతే అది టార్గెట్ వంక చూడనే చూడదు. ఆ వరసలో అన్నిటికన్నా చిన్న అంకెకూ పెద్ద అంకెకూ మధ్య దూరాన్ని మూడు ముక్కలు చేసి రంగులు పంచేస్తుంది. మూడు ఊళ్లలో ఊడ్పులు 60, 45, 20 శాతం అయ్యాయనుకుందాం. కావలసింది నూటికి నూరు. ఒక్క ఊరూ దరిదాపుల్లో లేదు. అయినా అరవైకి పచ్చచుక్క! క్లాసంతా తప్పితే ఎక్కువ మార్కులవాడు పాసైనట్టు.

ఇదే పద్ధతిని కృష్ణ వరదకు పెట్టి చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చాయి. రంగులు తిరగేసి, సున్నా నుంచి ఆ అంకె దాకా ఉన్న వరసకు చుక్కలు పెడితే ఎరుపు మొదలయ్యేది సుమారు 7.66 లక్షల దగ్గర. ఏడు లక్షలు కిందికి వదిలినా దివిసీమ లంకలకు పసుపే. బందరు రేవులో ఎగరేసే తుపాను సూచికకు ఈ జబ్బు లేదు. పక్క రేవులో ఎనిమిదో నంబరు ఉన్నా ఇక్కడి మూడో నంబరు మూడే. 1977 ఉప్పెన చూశాం కదా అని ఆ తర్వాతి తుపానులకు ఎవరూ నంబరు తగ్గించలేదు.

మందు తేలికే. నియమంలోకి వెళ్లి ‘పర్సెంట్’ తీసేసి ‘నంబర్’ పెట్టి, హద్దులు మనమే రాయాలి. చూపులకు నూరని కనబడుతూ పసుపు చుక్క పడితే కంగారక్కర్లేదు. లోపల ఉన్నది 99.6 కావచ్చు, గడి దాన్ని రౌండ్ చేసి చూపిస్తోంది. నలుపు తెలుపులో జిరాక్సు తీసే షీటుకైతే చుక్కల బదులు టిక్కు, ఇంటూ గుర్తులు మేలు.

హద్దులు సరిచేసినా మిగిలే చిక్కు ఒకటుంది. ఊడ్పుల షీటులో కోడూరు, నాగాయలంక శివారు ఊళ్లకు ఎర్రచుక్క పడితే అది ఎవరి వెనకబాటు? కాలువ నీళ్లు ఎగువ పొలాలన్నీ తడిపి, పులిగడ్డ అక్విడెక్టు దాటి దివిసీమలో అడుగుపెట్టాలి. గుడివాడ వైపు ఊడ్చిన చేను పచ్చబడే వేళకు ఇక్కడ నారుమడి నీటికోసం చూస్తుంటుంది. రెండింటికీ ఒకటే గడువు రాసి చుక్క పెడితే, కాలువ ఆలస్యం కాస్తా ఊరి వ్యవసాయ సహాయకుడి ఖాతాలో పడుతుంది.

అందుకు ఇంకో గడి కావాలి: బోదెకు నీరొచ్చిన తేదీ. గడువు అక్కణ్నుంచి లెక్కించి, ఈ రోజుకి ఆ ఊరు చేరవలసిన విస్తీర్ణం వేరే రాసుకోవాలి. ఐకాన్ నియమం ఒక్కో వరుసకు ఒక్కో టార్గెట్ ఇవ్వనివ్వదు కాబట్టి, అయిన ఊడ్పుల్ని ఆ విస్తీర్ణంతో భాగించి, వచ్చిన శాతానికే చుక్క పెట్టాలి. పావుగంట పని. నాగాయలంక వరుసలో అప్పుడు ఏ రంగు పడుతుందో చూడాలని ఉంది.