బడిలో ఇమడని బిడ్డకు పొలం

హోసూరు తాలూకాలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. వారిది నాలుగు తరాల క్రిందట కడప సీమ వదలివచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. కుమారుడికి 17 ఏళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డ. ఎనిమిదో తరగతి దాకా బడికి వెళ్ళాడు, అనగా వెనుక బల్లమీద కూర్చుని వచ్చాడు. ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాడు. పైన ఒక అక్క, బెంగళూరులో ఉద్యోగం. బోరుబావి ఉన్న రెండెకరాల చేను వారి ఆస్తి. దాన్ని అమ్మి డబ్బు బ్యాంకులో వేస్తే మన తరువాత వాడు వడ్డీమీద బ్రతుకుతాడని తండ్రి మాట. వాడు తెల్లవారి లేస్తే చేనికే పోతానంటాడు, అక్కడే ఏదో పని నేర్పుదామని తల్లి మాట. విదేశాలలో ఇటువంటి పిల్లలకు పొలాలలోనే చదువు చెబుతారని విన్నాను, అది నిజమేనా, మనబోటివారికి అక్కరకు వస్తుందా అని ఆమె అడిగారు.

విన్నమాట నిజమే. అటువంటి ప్రయత్నాలలో మిక్కిలి పేరు పొందినది స్కాట్లండులో మొదలైన కాంప్‌హిల్. వియన్నా నగరంలో కార్ల్ కోనిగ్ అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. 1938లో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించాడు. కోనిగ్ యూదు కుటుంబంలో పుట్టినవాడు గనుక దేశం విడిచిపోవలసి వచ్చింది. 1939లో ఆయనా, ఆయన్ను నమ్మి వచ్చిన కొందరు యువకులూ యువతులూ ఆబర్డీన్ సమీపంలో ఒక పాత ఇంట్లో చేరి, ఎదుగుదలలో వెనుకబడిన పిల్లలను చేరదీశారు. మరుసటి ఏడు కాంప్‌హిల్ అనే ఎస్టేటుకు మారబోతుండగా, యుద్ధకాలం గనుక, వారిలోని మగవాళ్ళను శత్రుదేశీయులని బ్రిటిషు ప్రభుత్వం నిర్బంధించింది. అయినా అనుకున్న రోజున, 1940 జూన్ 1న, ఆడవాళ్ళే కొత్త ఇంట్లో కాపురం పెట్టారు. నిలువ నీడ కోసం వచ్చినవారే మరొకరికి నీడ కావడం వలస ఇళ్ళలో పుట్టిన మనకు అర్థం కాని సంగతి కాదు.

కాంప్‌హిల్ పద్ధతి ఏమంటే, పిల్లలూ పెద్దలూ ఒకే కప్పు క్రింద ఉండడం, ఒకే బంతిని భోజనం చేయడం, తోటలోనూ పశువుల దగ్గరా కలిసి పనిచేయడం. బడి ముగిసిన పిల్లలు ఆ తరువాత ఎక్కడికి పోవాలి అనే ప్రశ్న అక్కడా వచ్చింది. అందుకు జవాబుగా 1955లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ కొండలలో, వయసు వచ్చినవారికోసం బాటన్ అనే గ్రామం వెలసింది. కోనిగ్ 1966లో కన్నుమూశాడు. ఈనాడు అటువంటి నివాసాలు 20కి పైగా దేశాలలో నూటికి మించి ఉన్నవి. వారి సేద్యం రుడాల్ఫ్ స్టైనర్ అనే తాత్త్వికుడు 1924లో చేసిన ఉపన్యాసాలను అనుసరించింది. చంద్రుని గతి చూసి విత్తడం అందులో ఒక భాగం. పంచాంగం గూట్లో పెట్టుకునే మనవాళ్ళకు అది వింత కాదు గాని, దానిని నమ్మితేనే బిడ్డకు మేలు అనేమీ లేదు. మేలు చేసేది కలిసి చేసే పనీ, కలిసి తినే అన్నమూ.

హాలండువారి దారి వేరు. అక్కడ ప్రత్యేకించి ఊరు కట్టనక్కరలేదు. ఆవులనో కూరగాయలనో నమ్ముకున్న మామూలు రైతే వారంలో కొన్ని రోజులు కొందరిని తన పొలానికి రానిచ్చి, వారిచేత చేతనైన పని చేయిస్తాడు. 1998లో ఇటువంటి పొలాలు అక్కడ 75 మాత్రమే; 2010 నాటికి వెయ్యి దాకా పెరిగినవి. కారణం దయాధర్మం ఒక్కటే కాదు. రైతు వెచ్చించే కాలానికి సంరక్షణ నిధులనుంచి సొమ్ము ముడుతుంది. దయమీద నడిచే ఏర్పాటు పంట పోయిన ఏడు ఆగిపోతుంది. రైతు ఇంటిని ఎరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు.

మనవైపూ లేకపోలేదు. బెంగళూరులో ఎన్. ఎస్. హేమగారు 1959లో స్థాపించిన అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీవారు వికలాంగ యువతకు తోటపనిలో శిక్షణ ఇస్తూ వచ్చారు. పుణె జిల్లా కొల్వణ్ లోయలోని సాధనా విలేజ్‌లో మేధో వైకల్యం గల పెద్దలు పల్లె వాతావరణంలో కలిసి ఉంటారు.

బడిలో రాని చదువు పొలంలో ఎందుకు వస్తుంది? బడిలో పాఠం మాటలతో వస్తుంది. మాటలు త్వరగా వచ్చి త్వరగా పోతవి, పట్టుకోలేనివాడు వెనుకబడతాడు. పొలంలో పాఠం వస్తువుతో వస్తుంది. నీరు పోయని మడి వాడుతుంది, పోసిన మడి మర్నాటికి తలెత్తుతుంది. మార్కులు వేసేవారితో పని లేదు. పొద్దున పాలు, తరువాత పేడ, ఎండ ముదిరేలోపల కలుపు, సాయంత్రం మళ్ళీ నీళ్ళు. ఈ వరుస రోజూ ఒకటే కావడం మనకు విసుగు గాని, ఆటిజం ఉన్న బిడ్డకు అది ధైర్యం. బుట్ట మోయడం, మట్టి తవ్వడం వంటి బరువు పని కొందరు పిల్లల ఆందోళనను తగ్గిస్తుందని ప్రత్యేక శిక్షకుల అనుభవం. మరి లేగదూడ ఉన్నది చూశారా, అది ఎవరినీ ‘నీవు ఏ తరగతి?’ అని అడగదు.

ఇంతమాత్రాన పొలం మందు అనుకోవద్దు. బుద్ధిలోపాన్ని తీసివేసే మొక్క ఏదీ లేదు. ఇంతవరకు జరిగిన పరిశీలనలు చాలావరకు చిన్నవి. వాటిలో కనిపించే లాభం ముఖ్యంగా మనసు కుదుటపడడం, తనమీద తనకు నమ్మకం కలగడం, నలుగురితో మెలగడం. తెలివి కొలమానంలో అంకె పెరుగుతుందని ఎవరైనా చెప్పి డబ్బు అడిగితే, వారికి దూరంగా ఉండండి. ఇంకొక మాట, అందరు పిల్లలకూ పొలం పడదు. ట్రాక్టరు మోతకు చెవులు మూసుకుని ఏడ్చే బిడ్డను, మట్టి అంటితే ఒళ్ళు జలదరించే బిడ్డను బలవంతాన దించడం శిక్ష అవుతుంది గాని శిక్షణ కాదు.

ఇక ఎలా నేర్పాలి? ఇక్కడ చాలా ఇళ్ళలో పొరపాటు జరుగుతుంది. “పోయి ఆ మొక్కలు చూడరా” అంటాము. అది పని కాదు, పది పనుల మూట. నర్సరీ సంచి నింపడం తీసుకోండి. సంచి నోరు తెరవడం, అంచు మడవడం, మట్టీ ఇసుకా ఎరువూ కలిపినది సగం పోయడం, నేలకేసి తట్టడం, తక్కినది పోయడం, వరుసలో పెట్టడం. ఆరు మెట్లు. మొదట ఐదు మీరు చేసి, చివరిది, అనగా నిండిన సంచిని వరుసలో పెట్టడం, అతనికి ఇవ్వండి. అది కుదిరాక చివరి రెండు, తరువాత చివరి మూడు. ఇలా వెనుకనుంచి నేర్పితే ప్రతిసారీ పని ముగించినది అతనే అవుతాడు. మధ్యలో తప్పు చేసి తిట్లు తినడానికీ, “నేనే పూర్తి చేశాను” అనుకోవడానికీ ఎంత భేదమో మనసున్న ప్రతివారికీ తెలుసు.

లెక్క రాదని దిగులుపడవద్దు. లెక్కను వస్తువులో పెట్టవచ్చు. పాత సోడా సీసాల పెట్టెకు 24 గళ్ళు ఉంటవి. గడికొక సంచి పెడితే పెట్టె నిండడమే లెక్క. నారు నాటడానికి తాడుకు అడుగున్నరకొక ముడి వేసి సాలు వెంట లాగి కట్టండి. ముడి దగ్గర గుంట, గుంటలో మొక్క. ఒక్కొక్క మడికి ఎన్ని చెంబుల నీరో అన్ని గులకరాళ్ళు గట్టుమీద పెట్టి, చెంబుకొక రాయి తీయమనండి. అతని పారకూ తొలికకూ పిడిమీద ఎర్ర రంగు పూస్తే తన వస్తువు ఏదో తెలుస్తుంది, సాయంత్రం దానిని తెచ్చి ఎక్కడ పెట్టాలో గోడమీద అదే రంగు గుర్తు చెబుతుంది. రోజు పనులను బొమ్మలుగా గీసి వరుసగా తగిలించి, అయిన పని బొమ్మను త్రిప్పి పెట్టడం ఇంకా మంచిది. నేర్పేటప్పుడు నాలుగు మాటలు చెప్పేచోట ఒకటి చెప్పి, రెండుసార్లు చేసి చూపాలి. మొదటి నెలలో రోజుకు ఒక గంట చాలు.

జాగ్రత్తల విషయంలో మొహమాటం పనికిరాదు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారిలో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. తలమీద బుట్ట ఎత్తించేముందు తప్పక డాక్టరును అడగండి. వారిలో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండెలోపం ఉంటుంది. థైరాయిడు తక్కువ కావడమూ తరచు కనిపిస్తుంది, అది సోమరితనంగా అగుపడి పిల్లవాడు తిట్లు తింటాడు. మూర్ఛ వచ్చే బిడ్డను నీటి తొట్టి దగ్గరా, బావి గట్టునా ఒంటరిగా విడువకూడదు. ధనుర్వాతం సూదులు అందరికీ ఉండాలి. హోసూరు చుట్టుప్రక్కల గులాబీలకూ కూరగాయలకూ పురుగుమందు చల్లని వారం లేదు. చల్లిన తోటలోకి మందు డబ్బామీద వ్రాసిన గడువు తీరేదాకా అతణ్ణి పోనివ్వకండి. తనకు తల తిరుగుతున్నదని చెప్పలేనివాడి విషయంలో ఆ గడువుకు ఒకరోజు కలపడమే మంచిది.

ఇప్పుడు చేదుమాట ఒకటి. ఇటువంటి పిల్లవాడు కాస్త పని నేర్చుకోగానే బంధువులకు హఠాత్తుగా ముద్దు వస్తాడు. “మా దగ్గర వదలమ్మా, గొడ్లు చూసుకుంటూ పడిఉంటాడు, పిడికెడు అన్నం మేము పెట్టమా?” అంటారు. చాలామంది మనఃపూర్వకంగానే అంటారు. కాని కూలి లేని చాకిరీకి మన దేశంలో 1976లోనే చట్టం నిషేధం పెట్టింది. అది చుట్టాల ఇంట్లో చేసినా చాకిరీయే. పాశ్చాత్య దేశాలలో పూర్వం మానసిక చికిత్సాలయాలకు పెద్ద పెద్ద పొలాలు ఉండేవి, రోగులు కూలి లేకుండా దున్నేవారు, దానికి చికిత్స అని పేరు. అట్లా పనిచేయించుకుంటే కూలి ఇవ్వవలసిందేనని అమెరికాలో 1973లో ఒక న్యాయస్థానం తీర్పు చెప్పింది. అందుచేత, నేర్చుకునే కాలం వేరు, పంటకు పనికివచ్చే పని చేసే కాలం వేరు అని మీరే గుర్తుపెట్టుకోవాలి. అతని పేర ఒక ఖాతా తెరవండి. శనివారం కొంత నగదు అతని చేతికే ఇవ్వండి. సంతలో తనకిష్టమైనది కొనుక్కోనివ్వండి. మీ ఇంటి పొలమైనా సరే.

ఆ తల్లిదండ్రుల వివాదానికి వస్తే, రెండెకరాలూ అమ్మవద్దని నా సలహా. వడ్డీ ధరలతో పరుగెత్తలేదు; పైగా పొలం పోతే, అతను తెల్లవారి లేచి వెళ్ళే చోటు పోతుంది. అట్లాగని మొత్తం సేద్యాన్ని అతని నెత్తిన పెట్టడమూ వద్దు. ఒక ఎకరం కౌలుకు ఇచ్చి, వచ్చినదాంతో ఊరిలో నెమ్మది స్వభావం గల మనిషిని ఒకరిని రోజుకు ఒక పూట అతనితో కలిసి పనిచేయడానికి పెట్టుకోండి. హాలండు రైతుకు సొమ్ము ముట్టినట్లే ఈ మనిషికీ ముట్టాలి. తల్లి పక్కన నిలబడి నేర్పే పని తల్లి ఉన్నంతవరకే సాగుతుంది. బయటి మనిషితో కలిసి చేయడం అలవాటైతే ఆమె తరువాత కూడా సాగుతుంది. రెండో ఎకరంలో పూలు వేయాలా, అవరెకాయ వేయాలా అనేది అతని చేతికి ఏది అమరుతుందో చూసి నిర్ణయించండి. ధర బాగున్నదని మందులు తాగే పంట మాత్రం వద్దు.

కాగితాల పని ఆలస్యం చేయకండి. వచ్చే ఏడు అతనికి 18 నిండగానే చట్టం దృష్టిలో అతను పెద్దవాడు; తల్లిదండ్రులన్న హక్కుతో అతని తరఫున సంతకం చేయడం కుదరదు. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం గలవారికోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం జిల్లా స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. సంరక్షకుడైనవాడు ఆరు నెలలలోపల ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి. భూమిని నేరుగా అతని పేర వ్రాయడం కంటె, నమ్మకస్థులను పెట్టి ప్రైవేటు ట్రస్టుగా వ్రాయడం మేలేమో, వకీలును అడిగి తేల్చుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ పథకాలలో వ్యవసాయ భూమి కేటాయింపులో 5 శాతం నిర్దిష్ట స్థాయి వైకల్యం గలవారికి దక్కాలి. భూమి లేని మన కుటుంబాలు దీనిని అడగడమే లేదు. పరీక్షలకూ సలహాకూ బెంగళూరువారికి నిమ్‌హాన్స్, చెన్నైవారికి ముట్టుకాడులోని జాతీయ బహుళ వైకల్య సంస్థ ఉన్నవి. సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మేధో వైకల్యానికే ప్రత్యేకించినది. బంధువుల ఇళ్ళకు ఆ వైపు పోయేవారు ఒకసారి చూసి రావచ్చు.

ఇక ఆ అక్క సంగతి. మన తరువాత వాణ్ణి చూసుకునేది ఆమే గదా అని తల్లి ఉత్తరం చివర ఒక్క వాక్యం వ్రాశారు. ఆమె పేరు ఏ కాగితంలో అయినా చేర్చేముందు, ఈసారి ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు, ఆమెను అడగండి. తమ్ముణ్ణి కూడా ప్రక్కన కూర్చోబెట్టుకుని అడగండి.