ఏ.సి. వలకు పట్టిన కాటుక

వేసవి వచ్చినది మొదలు మన యిండ్లలో తరచుగా వినబడు ఫిర్యాదు ఒకటి కలదు. ఏ.సి. యంత్రమును కొని సంవత్సరమైన కాలేదు, లోపలి ఫిల్టరు అప్పుడే నల్లబడినదని గృహస్థులు వాపోవుదురు. మొదట యంత్రమును, పిదప అమ్మిన దుకాణమును, తుదకు మరమ్మతుకు వచ్చిన పనివానిని నిందింతురు. అట్టి పనివారిలో కొందఱు సమయము చూచి, ఫిల్టరు చెడినది, మార్చవలెనని చెప్పి సొమ్ము తీసికొని పోవుటయు కలదు. నిజమునకు ఆ వల చెడలేదు. అది చేయవలసిన పనియే చేసినది. ఆ మురికి యంత్రములో పుట్టినది కాదు, మన యింటి గాలిలోనిది. దాని రంగును చూచినచో ఆ యింట ఏమి కాలుచున్నదో, ఏమి రాలుచున్నదో, ఎక్కడ చెమ్మ నిలుచుచున్నదో చాల వఱకు చెప్పవచ్చును. ఇది గృహిణుల పనియని పురుష పాఠకులు పేజీ త్రిప్పవలదు. ఇందు పసిపిల్లల ఊపిరి సంగతి యున్నది.

గోడకు బిగించు ఏ.సి. యంత్రము వెలుపలి గాలిని లోనికి తెచ్చునని పలువురు అనుకొనుచున్నారు. మన యిండ్లలో సాధారణముగా ఉండు యంత్రములు అట్లు చేయవు. గదిలోని గాలినే పీల్చి, చల్లని గొట్టపు చుట్టల మీదుగా పోనిచ్చి, మరల గదిలోనికే వదలును. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిలో పట్టు గాలి ఇంచుమించు 40 ఘన మీటర్లు. ఒకటిన్నర టన్నుల యంత్రము వేగముగా తిరుగునపుడు నిమిషమునకు 10 ఘన మీటర్లకు తక్కువ గాకుండ గాలిని లాగును. అనగా నాలుగు నిమిషములకు ఒకమారు గదిలోని గాలియంత గాలి ఆ వలలో నుండి పోవును. ఎనిమిది గంటల రాత్రిలో 120 మారులు. ఒకే గుడ్డతో అన్ని మారులు నీరు వడబోసినచో ఆ గుడ్డ తెల్లగా నుండునా? నెలల తరబడి వాడినను తెల్లగానే యున్న వలను చూచినచో నేను సంతోషింపను. అది సరిగా కూర్చొనక, గాలి ప్రక్కనుండి పోవుచున్నదేమో యని అనుమానింతును.

సామాన్యముగా వలకు పట్టునది బూడిదవన్నె నూగు. దుప్పట్ల నుండియు బట్టల నుండియు రాలు దారపు నలుసులు, మన మేనినుండి రాలు చర్మపు పొట్టు, వెండ్రుకలు, వీధి ధూళి, ఇవన్నియు కలిసినది అది. ఇందు భయపడవలసినది లేదు. ఊరిని బట్టి దాని తీరు మారును. షోలాపురములో మగ్గముల ప్రక్కనే కాపురముండు మన పద్మశాలి కుటుంబముల యిండ్లలో పత్తి నూగు వారము తిరుగకుండ తెరవలె కట్టుట వింత కాదు. బెంగుళూరులో కట్టడపు పనులు జరుగు వీధులలో ఎఱ్ఱమట్టి కలిసి గోధుమవన్నె తిరుగును. వంటగదికి ఎదురుగా యంత్రమున్న యింట పోపుల నూనె ఆవిరి చేరి వల పసుపువన్నెకు వచ్చి జిగటగా నుండును. పొగాకు పొగయు అట్లే చేయును. యానాము వంటి గోదావరి తీరపు ఊళ్లలో వానకాలమున నల్లని, ఆకుపచ్చని చుక్కలు లేచినచో అది బూజు. తడిసిన చుట్టల మీద ధూళి నిలిచి, యంత్రమును ఆపినంతనే లోపల ఆ తడి అట్లే యుండుటచే అది పుట్టును. ఆపుటకు ముందు అరగంట సేపు ఉత్త పంకాను మాత్రము నడపినచో చాల వఱకు తగ్గును. అన్నట్లు, ఈ యంత్రము పుట్టినదే తేమను అదుపు చేయుటకు. 1902లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లో ఒక అచ్చుకూటమున తేమకు కాగితము సాగి రంగుల అచ్చు తప్పుచుండగా, విల్లిస్ క్యారియర్ అను ఇంజనీరు దీనిని రూపొందించెను. మనుష్యుల సుఖము పిదప వచ్చినది.

ఇక నలుపు సంగతి. ఆముదపు దీపముపై రాగిపళ్లెరము బోర్లించి మన అవ్వలు కాటుక పట్టెడివారు. తలుపులు బిగించిన గదిలో దీపమును, ఊదువత్తియు, సాంబ్రాణియు, దోమల చుట్టయు నేడు ఆ పనియే చేయుచున్నవి. పళ్లెరమునకు బదులు వల యున్నది. కాని పళ్లెరమునకును వలకును ఒక భేదమున్నది. వల కన్నములు కంటికి కనబడునంతటివి. పొగ రేణువులో, తలవెండ్రుక మందములో ఇరువదవ వంతు కూడ ఉండవు. అవి ఆ కన్నములను సులభముగా దాటిపోవును. నూగునకు తగిలి అంటుకొన్న కొలది మసియే మనకు కనబడు నలుపు. మిగిలినదంతయు ఆ గదిలోనే తిరిగి, నిద్రించువారి ఊపిరితిత్తులను చేరును. వల నల్లబడినదని చింతించువారు ఈ మిగిలిన దానిని గూర్చి ఏల చింతింపరో నాకు తెలియదు. ఒక దోమల చుట్ట పూర్తిగా కాలుటలో వెలువడు సన్నని రేణువులు 75 నుండి 137 సిగరెట్ల పొగలోని వానికి సమానమని 2003లో ప్రచురితమైన పరిశోధన తెలుపుచున్నది. దానిని తలుపు మూసిన ఏ.సి. గదిలో వెలిగించి, ప్రక్కన బిడ్డను పరుండబెట్టుట చూచుచున్నాము! దోమతెర వెల యెంత?

సాంబ్రాణి విషయము మరింత సున్నితమైనది. పసిబిడ్డకు తలంటి సాంబ్రాణి పొగ వేయుట మన యిండ్లలో తరతరముల వాడుక. ఏ ప్రాంతమున స్థిరపడినను మనవారు దానిని విడువలేదు. ఆచారములను మానుమని పత్రికలో వ్రాయుదురా యని పెద్దలు ఆగ్రహింపవచ్చును. మానుమనుట లేదు. పూర్వము ఆ పొగను మండువాలో, పైన ఆకాశము కనబడుచోట వేసెడివారు. పొగ తన దారిన తాను పోయెడిది. నేడు బిడ్డకు గాలి సోకునని తలుపులు బిగించి, పడకగదిలో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పిదప ఏ.సి. నడుపుచున్నారు. మండువా పోయినది, పొగ మాత్రము మిగిలినది. పసివాని ఊపిరితిత్తులు ఇంకను పెరుగుచుండును. పెద్దలకన్న శిశువు వేగముగా ఊపిరి తీయును. తల తుడుచుటకు మెత్తని పొడిగుడ్డ చాలును. ధూపము వేయక మనసు ఒప్పనిచో, బిడ్డను వేఱొక గదిలో ఉంచి, కిటికీలు తెఱచి, దేవునియెదుట వేయవచ్చును. ఇందు ఆచారమునకు కలిగిన లోటేమో చెప్పువారు చెప్పవచ్చును.

నలుపంతయు ఇంటిలోనిదేయని నేననను. చెన్నపట్టణమున బొగ్గు విద్యుత్కేంద్రములు గల ఎన్నూరు పరిసరములలోను, లారీలు తిరుగు ఏ బాటప్రక్కనైనను కిటికీ సందులనుండి మసి వచ్చును. దానికి మన చేతిలో మందు లేదు, సందులు మూయుటయే.

వలను కడుగుట పదినిమిషముల పని. యంత్రమును ఆపి, వలను తీసి, మురికి లేని వైపునుండి నీరు పోసినచో నూగు వెనుకకు ఊడి వచ్చును. జిగటయున్న సబ్బునీటితో మెత్తగా రుద్దవలెను. వేడినీరు పనికిరాదు, ప్లాస్టిక్కు వంకరపోవును. నీడను పూర్తిగా ఆఱబెట్టి మరల బిగింపవలెను. వాడుక యున్న దినములలో పక్షమునకొకమారు చేసినచో చాలును; మగ్గముల చెంత వారమునకొకమారు. మురికి కట్టిన ఫిల్టరును శుభ్రపరచినచో విద్యుత్తు వాడుక 5 నుండి 15 శాతము వఱకు తగ్గవచ్చునని అమెరికా ఇంధన శాఖవారు చెప్పుచున్నారు. కడిగిన పిదపను పసుపువన్నె పోనిచో కంగారు వలదు. అది ప్లాస్టిక్కు ముదిరిన గుర్తు కూడ కావచ్చును.

కడిగిన తేదీని గోడ క్యాలెండరుపై గుర్తుంచి, ఆ పక్షమునందు గదిలో ఏ పొగయు పెట్టక, పదునైదవ దినమున వలను తీసి చూడుడు. బూడిదవన్నె నూగు మాత్రమే యున్నచో కారణము దొరికినది. అప్పటికిని నల్లగానే యున్నచో వంటగది తలుపును, తరువాత వీధివైపు కిటికీని పరిశీలింపుడు.