అడ్వాన్సు పోతే పోయింది అనుకుందామా?

మూడేళ్ల కిందట మా అమ్మాయిని హైదరాబాదులో ఒక ప్రైవేటు హాస్టల్లో చేర్చాం. మార్కాపురంలో బస్సెక్కి పరుపు, బకెట్టు, పచ్చడి సీసాలు మోసుకుంటూ వెళ్లాం. అడ్వాన్సు 10,000 కట్టమన్నారు. "ఖాళీ చేసే రోజు చేతిలో పెడతామమ్మా" అంది అక్కడి మేనేజరమ్మ. రసీదు అడిగితే నవ్వింది. "ఆడపిల్లల హాస్టలమ్మా, ఇక్కడంతా నమ్మకం మీదే" అంది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

కిందటేడు ఖాళీ చేసేటప్పుడు లెక్క మారిపోయింది. నెల ముందు చెప్పలేదన్నారు. చెప్పాం, కానీ నోటిమాటగా చెప్పాం. గోడకు మరకలన్నారు, సున్నానికి ఇంత, ఫ్యాను రిపేరుకు ఇంత అన్నారు. మిగిలిందైనా ఇవ్వండంటే, "ఓనరు గారు ఊళ్లో లేరు, వచ్చే వారం ఫోన్ చేయండి" అన్నారు. ఆ వచ్చే వారం ఇంతవరకూ రాలేదు.

ఇది నా ఒక్కదాని కథ అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. మా వీధిలో పిల్లల్ని బయట చదివిస్తున్న ఇళ్లన్నిటిలో ఇలాంటిదే ఒకటి ఉంది. ఒకరికి వేసవిలో నీళ్లు రావు, అడిగితే "ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యి" అంటారు. ఇంకొకరికి ఏడాది మధ్యలో అద్దె పెంచారు. గిద్దలూరులో ఉండే మా పిన్ని కూతురి బిడ్డది వేరే బాధ. నలుగురు పిల్లలు కలిసి తీసుకున్న గదిలోకి ఓనరు తలుపు తట్టకుండా వచ్చేవాడట. ఆర్నెల్లు ఆ పిల్ల నోరు విప్పలేదు. ఎందుకే చెప్పలేదంటే ఏమందో తెలుసా? "చెబితే మీరంతా కలిసి చదువు మాన్పించి ఇంటికి తెస్తారు కదా పెద్దమ్మా."

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

దూరమే వాళ్ల బలం

మన ప్రాంతం సంగతి మనకు తెలిసిందే. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి, తర్వాత ప్రకాశంలో కలిశాయి. జిల్లా ఏదైనా పెద్ద చదువుకు మాత్రం ఊరు దాటక తప్పలేదు. గిద్దలూరు పిల్లలకు ఒంగోలు కన్నా నంద్యాల దగ్గర. కోచింగులకు గుంటూరు, విజయవాడ, హైదరాబాదు. కాలేజీ హాస్టల్లో సీటు దొరక్కపోతే ప్రైవేటు హాస్టలే గతి. పంట నమ్మకం లేని మెట్ట నేల, పలకల ఫ్యాక్టరీల్లో రోజుకూలీ. అలాంటి ఇళ్లలో తల్లులు పైసా పైసా కూడబెట్టి కట్టిన డబ్బు అది.

దాన్ని వసూలు చేసుకోవాలంటే ఆ తల్లి మళ్లీ హైదరాబాదు వెళ్లాలి. రెండు రోజుల కూలి, చార్జీలు, పక్కన తోడు వచ్చే మనిషి ఖర్చు. అన్నీ లెక్కేసుకుని "పోతే పోయిందిలే" అనుకుంటుంది. ఆ సంగతి యాజమాన్యాలకూ తెలుసు. మన దూరం, మన మొహమాటం, ఆడపిల్ల విషయం వీధికెక్కుతుందేమోనన్న మన భయం, ఈ మూడింటి మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది.

డబ్బు ఎవరి పేరున, రసీదు ఎవరి పేరున?

2020లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వసతి దీవెన అని ఒక పథకం పెట్టింది. హాస్టలు, భోజనం ఖర్చుల కింద ఐటీఐ పిల్లలకు ఏడాదికి 10,000, పాలిటెక్నిక్ వాళ్లకు 15,000, డిగ్రీ ఆపై చదువులకు 20,000 అని, అదీ తల్లి ఖాతాలో వేస్తామని చెప్పింది. చదువు ఖర్చు తల్లి చేతి మీదుగా నడవాలన్న ఆలోచన మంచిదే. కానీ డబ్బు తల్లి ఖాతాలోకి వచ్చినా హాస్టలు వాళ్లిచ్చే రసీదు తల్లి పేరున రాలేదు. చాలాచోట్ల అసలు రసీదే లేదు.

చట్టం ఏమంటోంది?

కేంద్రం 2021లో అద్దె ఇళ్లకు ఒక నమూనా చట్టం ఆమోదించింది. దాని ప్రకారం ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. నీళ్లు, కరెంటు ఆపకూడదు. చదువుతుంటే బాగానే ఉంది. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ సొంత చట్టంగా చేసుకుంటేనే దానికి పళ్లు వస్తాయి. పైగా అది ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. మంచానికి ఇంత అని అద్దె కట్టే మన పిల్లలకు అది ఎంత దాకా పనికొస్తుందో చెప్పడం కష్టం.

తమిళనాడు ఈ విషయంలో ముందుంది. పొల్లాచ్చిలో ఒక హాస్టల్లో జరిగిన ఘోరం తర్వాత 2014లో ఆడవాళ్ల, పిల్లల హాస్టళ్లకే ప్రత్యేకంగా చట్టం చేసింది. లైసెన్సు లేకుండా హాస్టలు నడపకూడదంది. మనం కూడా మన ఎమ్మెల్యేలను అడగాల్సింది ఇదే.

ఇక విదేశాలు. మనవాళ్ల పిల్లలు ఎందరో అమెరికా వెళ్తున్నారు కదా. టెక్సాస్‌లో ఖాళీ చేశాక 30 రోజుల్లో, కాలిఫోర్నియాలో 21 రోజుల్లో అడ్వాన్సు తిరిగివ్వాలి. దేనికైనా పట్టుకుంటే ఎందుకు పట్టుకున్నారో లెక్క రాసివ్వాలి. అక్కడ సాగే మాట ఇక్కడ ఎందుకు సాగకూడదు?

ఊళ్లో ఉండే అడగొచ్చు

మనకు పనికొచ్చే ఆయుధం ఒకటుంది. చాలామందికి తెలియదు. డబ్బు తీసుకుని గది, భోజనం ఇచ్చే హాస్టలు ఒక సేవ. సేవలో లోపం ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 చట్టం 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం హాస్టలు ఎక్కడున్నా సరే, మనం నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకపోయినా ఫరవాలేదు. గడువు రెండేళ్లు. ముందు 1915 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. దూరమే వాళ్ల బలం అనుకున్నాం కదా, ఆ బలాన్ని ఈ ఒక్క నియమం సగం తగ్గించేసింది.

అయితే చేతిలో కాగితం ఉండాలి. అందుకని చేరేటప్పుడే కొన్ని పనులు చేయండి. అడ్వాన్సు నగదుగా ఇవ్వకుండా ఫోన్‌పే లాంటి వాటిలో పంపండి, రసీదు పట్టుపట్టి తీసుకోండి. గది గోడలు, ఫ్యాను, బాత్రూము మొదటి రోజే ఫొటో తీయించండి. ఖాళీ చేస్తామన్న సంగతి వాట్సాప్‌లో రాసి పంపండి. బిల్లులో జీఎస్టీ వేస్తే ఎందుకని అడగండి. 2024 జూలై 15 నుంచి నెలకు మనిషికి 20,000 లోపు అద్దె ఉండి, వరుసగా 90 రోజులు ఉంటే హాస్టలు బసకు ఆ పన్ను లేదు. ఇక తలుపు తట్టకుండా లోపలికి రావడం అద్దె తగాదా కాదు. అది 181కో, పోలీసులకో చెప్పాల్సిన విషయం.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇంకొకటుంది. పెట్టె సర్దేటప్పుడే బిడ్డను కూర్చోబెట్టి చెప్పండి: "అక్కడ ఏ ఇబ్బంది వచ్చినా నాకు చెప్పు. గది మారుస్తాం గానీ చదువు మాన్పించం." ఈ మాట ముందే వినుంటే గిద్దలూరు పిల్ల ఆర్నెల్లు ఆ భయం మోసేది కాదు. ఇప్పుడా పిల్ల వేరే గదిలో ఉంటోంది, చదువు సాగుతోంది.

నా 10,000 సంగతంటారా? ఫోన్‌పేలో కట్టిన ఆధారం మా అమ్మాయి ఫోనులో దొరికింది. రెండేళ్ల గడువు ఇంకా దాటలేదు. ఫిర్యాదు రాసి పెట్టాను, ఈ వారమే పంపుతున్నాను. డబ్బు వస్తుందో రాదో చూడాలి. ఆ మేనేజరమ్మ మాత్రం ఇంకో తల్లి రసీదు అడిగినప్పుడు నవ్వే ముందు ఒకసారి ఆలోచిస్తుంది. ఏమంటారు?