పుంజుల్ని పెట్టలని అమ్మితే నష్టం ఎవరు భరించాలి?

పెరటి కోళ్లు మన ఇళ్లలో ఆడవాళ్ల ఆదాయం. పంట పోయిన ఏడు కూడా పిల్లల పుస్తకాలకో మందులకో గుడ్లు అమ్మిన డబ్బే అక్కరకొస్తుంది. అందుకే బండి మీద గంపలు కట్టుకొచ్చినవాడు "అన్నీ పెట్టలేనమ్మా" అంటే నమ్మి 20, 30 పిల్లలు కొంటున్నారు. మూడు నెలలు నూకలు పోసి, కుక్కల నుంచి, గద్దల నుంచి కాపాడాక చూస్తే ముప్పాతిక వంతు పుంజులు. అప్పుడు ఇంట్లో అందరూ ఆమెనే అంటారు, "చూసి కొనొద్దా?" అని.

ఈ మాట అన్యాయం. ఒక్కరోజు పిల్లను చూసి పెట్టో పుంజో చెప్పడం మనలో ఎవరివల్లా కాదు. మొన తేలిన గుడ్డులో పుంజు ఉంటుందనీ, దారానికి కట్టిన ఉంగరం ఊగితే తెలుస్తుందనీ, పిల్లను ఎత్తినప్పుడు కాళ్లు ముడిస్తే పెట్ట అనీ చెబుతారు. పుట్టేవాటిలో సుమారు సగం పుంజులే కాబట్టి ఏం చెప్పినా సగం సార్లు నిజమైనట్టే కనిపిస్తుంది. ఆడా మగా అన్నది తల్లి పెట్ట ఇచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుంది. గుడ్డు ఆకారానికీ దానికీ సంబంధం లేదు.

హ్యాచరీల సంగతి వేరు. 1920లలో జపాన్ వాళ్లు కనిపెట్టిన పద్ధతిలో, మొదటి రోజే పిల్ల మలద్వారం లోపలి చిన్న బొడిపెను చూసి వేరుచేస్తారు. దానికి మంచి శిక్షణ కావాలి. చేతకానివాళ్లు నొక్కితే పిల్ల చస్తుంది, ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు. రెండోది రెక్క ఈకలు చూడటం. పెట్ట పిల్లకు రెక్క పెద్ద ఈకలు వాటిపైన ఉండే ఈకల కన్నా పొడుగ్గా ఉంటాయి. కానీ అందుకోసమే తల్లినీ తండ్రినీ ఎంచి పుట్టించిన రకాల్లో, అదీ మొదటి రెండు మూడు రోజుల్లోనే ఇది పనిచేస్తుంది. నాటు పిల్లల్లో పనికిరాదు.

గుడ్ల ఫారాలకు పిల్లలు అమ్మే హ్యాచరీకి పుంజు అక్కర్లేదు. అది గుడ్డు పెట్టదు, బ్రాయిలర్‌లా బరువూ రాదు. అందుకని మొదటి రోజే చంపేస్తారు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఇలా చంపడాన్ని నిషేధించింది. మన దగ్గర ఇలాంటి పుంజు పిల్లలు రంగులు పూసుకుని గంపల్లో ఊళ్లకు వస్తున్నాయి. అక్కడ పుంజని తెలిసి ఏరేసిన పిల్ల మన గడపకొచ్చేసరికి పెట్ట అవుతోంది.

"అదృష్టం బాగోలేదు" అని సరిపెట్టుకోకండి. ఏరకుండా కలిపి ఇచ్చిన 20 పిల్లల్లో నాలుగింట మూడుసార్లు పుంజులు 8 నుంచి 12 మధ్యే ఉంటాయి. 17 గానీ అంతకు మించి గానీ పుంజులు రావడం వెయ్యి గంపల్లో ఒకదానికి జరిగే సంగతి. ఒకే ఊళ్లో నాలుగిళ్లలో అలా జరిగితే ఎవరో ఏరిన పిల్లల్నే తెచ్చి అమ్మారన్నమాట.

పెరటి రకాలు ఇచ్చే హ్యాచరీలు, "పెట్టలే ఇస్తే పుంజుల్ని ఎవరు కొంటారు?" అంటాయి. ఆ మాటలో న్యాయం ఉంది. వనరాజా పుంజు మాంసానికి బాగానే వస్తుంది కూడా. కలిపే అమ్మండి. కానీ కలిపి ఇస్తున్నామని కాగితం మీద రాసి, దానికి తగ్గ ధరే తీసుకోండి.

వయసు వచ్చిన పిల్లల్ని కొనడం మేలు. ఆరు వారాలకు చాలా పుంజుల జుట్టు పెద్దదై ఎర్రబడుతుంది, కాళ్లు లావవుతాయి. మూడు నెలలకు మెడ మీద, నడుము మీద ఈకలు పుంజుకు సన్నగా మొన తేలి ఉంటాయి, పెట్టకు గుండ్రంగా ఉంటాయి.

మన సంఘం మూడు అడగాలి. ఒకటి, పిల్లలు అమ్మే ప్రతివాడూ రకం, పుట్టిన తేదీ, వేసిన టీకాలు, ఏరినవా కలిపినవా అన్నది రాసి రసీదు ఇవ్వాలి. రెండు, ప్రభుత్వ పథకాల కింద మదర్ యూనిట్లలో నాలుగు వారాలు పెంచి ఇచ్చే పిల్లల్ని ఆరు వారాలు పెంచి, పెట్టలెన్నో లెక్కపెట్టి ఇవ్వాలి. మూడు, పెట్టలని చెప్పి పుంజులు అంటగడితే డబ్బు తిరిగి ఇప్పించే బాధ్యత పశుసంవర్ధక శాఖ తీసుకోవాలి.

అప్పటిదాకా మహిళా సంఘాల అక్కచెల్లెళ్లు ఒక్కొక్కరుగా కాక పదిమంది కలిసి కొనండి. అమ్మినవాడి పేరు, ఫోన్ నంబరు, చెప్పిన మాట కాగితం మీద రాయించుకోండి. రాయనన్నవాడి గంప దించనివ్వకండి.